పాట ముందా, మోత ముందా

పాటపక్షం: సానీ షరాక్ 1991లో చేసిన ‘ఆస్క్ ది ఏజెస్’ నీకూ ఇష్టమే, నాకూ ఇష్టమే. ఎందుకిష్టమన్న దగ్గరే మనకు తగాదా. నా లెక్క సూటిగా చెప్పేస్తాను. గిటార్ షరాక్‌ది, శాక్సాఫోన్ ఫేరో శాండర్స్‌ది, బాస్ షార్నెట్ మోఫెట్‌ది, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్‌వి. ఈ నలుగురూ ఒక గదిలో చేరితే పైకప్పు ఎగిరిపోతుందనుకుంటాం. ఎగిరిపోతుంది కూడా. కానీ ముందు ఒక పాట వస్తుంది. ఆరు ట్రాకులకు ఆరూ షరాక్ సొంతంగా కట్టినవి, స్నానం చేస్తూ కూనిరాగం తీసుకోదగినవి. అప్పటికప్పుడు స్వేచ్ఛగా అల్లుకునే ఫ్రీ జాజ్ పేరెత్తితే పారిపోయేవాళ్ళు ఈ రికార్డు దగ్గర ఆగారంటే, ఆపింది ఆ పాటలే.

మోతపక్షం: అదేనక్కా నా అనుమానం. పారిపోయేవాళ్ళు ఆగారంటే, వాళ్ళు దేన్ని చూసి పారిపోతారో దాన్ని కొంత తీసేశారన్నమాట. ఫ్రీ జాజ్ నచ్చనివాళ్ళకు నచ్చే ఫ్రీ జాజ్ ఇది. మీకది గొప్పగా ఉంది, నాకు కాస్త తలవంపుగా ఉంది. శాక్సాఫోనిస్ట్ ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబరులో రెండు క్వార్టెట్లను ఒకేసారి స్టూడియోలోకి దించి, స్టీరియోలో ఎడమవైపు ఒకదాన్ని, కుడివైపు ఒకదాన్ని పెట్టి 37 నిమిషాలు ఏకబిగిన వాయించాడు. ‘ఫ్రీ జాజ్’ అన్నది ఆ రికార్డు పేరే. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇస్తానని ఆయన వినేవాళ్ళకు మాటివ్వలేదు.

పాటపక్షం: ఇచ్చాడు, నువ్వే మరిచిపోయావు. ఒక్కొక్కరి వంతు రాబోయే ముందు అందరూ కలిసి వాయించే చిన్న చిన్న వరసలు అందులో ఉన్నాయి. అవి ముందే అనుకున్నవి. అసలు ఆర్నెట్‌ను చూసి ఇంకెవరైనా పాటను తీసిపారేశారంటే నమ్ముతానేమో గానీ, ఆయన తీసేశాడంటే నమ్మను. బ్లూస్ వాసన లేని పదం ఆయన నోట రాలేదు. ఇంకో శాక్సాఫోనిస్ట్ ఆల్బర్ట్ ఐలర్‌ను తీసుకో. ఫ్రీ జాజ్‌లో అంతటి గావుకేక మరొకరిది లేదంటారు. ఆయన ‘గోస్ట్స్’ చిన్నపిల్లలు పాడుకునే పాటలా ఉంటుంది, చర్చి పాటా సైనిక బ్యాండూ కలిసిన వరస. పాట లేని ఫ్రీ జాజ్ అనేది విమర్శకులు గీసిపెట్టిన బొమ్మ. ఆ బొమ్మకు సరిపోలేదని షరాక్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు.

మోతపక్షం: సరే, ఒప్పుకున్నాను. పాట ఉంది. కానీ ఐలర్ దగ్గర ఆ పాట ఎందుకుందో చూడండి. చింపడానికుంది. జెండా ఎగరేసేది చింపడానికే అన్నట్టు. షరాక్ దగ్గర ఆ పాట చివరిదాకా క్షేమంగా ఇంటికొస్తుంది. ‘మెనీ మాన్షన్స్’ వినండి. నాలుగైదు స్వరాల వరస, అది తిరుగుతూ ఉంటుంది, శాండర్స్ ఎంత అరిచినా కింద నేల కదలదు. శాక్సాఫోనిస్ట్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీం’ కాలానికి తిరిగి వెళ్ళిపోయారు, అంటే 1964కు. పాతికేళ్ళ తర్వాత పాతికేళ్ళ వెనక్కి. కొత్త దారి వెతకడమంటారా దీన్ని?

పాటపక్షం: నేల కదలదని నువ్వంటున్నావు. ఆ నేల ఎల్విన్ జోన్స్ అని గుర్తుపెట్టుకో. ఎల్విన్ కథ నీ వాదానికి పెద్ద చిక్కు. కోల్ట్రేన్ క్వార్టెట్‌లో అయిదేళ్ళకు పైగా ఆయనే డ్రమ్స్ వాయించాడు. 1965లో శాండర్స్ వచ్చి చేరాడు, తర్వాత రషీద్ అలీ రెండో డ్రమ్మర్‌గా వచ్చాడు. ఆ ఏడాది చివర్లో పియానో వాయించే మెకాయ్ టైనర్ వెళ్ళిపోయాడు, తన పియానో తనకే వినిపించడం లేదని. 1966 మొదట్లో ఎల్విన్ కూడా వెళ్ళిపోయాడు. మోత పెరిగితే ఏమవుతుందో ఆయన లోపలుండి చూసినవాడు. అదే మనిషి 1991లో అదే శాండర్స్ పక్కన కూర్చుని, అరవై దాటిన వయసులో అంత సంబరంగా వాయించాడంటే, ఈసారి తనకు అక్కడ పని ఉంది. పాట ఉంది కనుక లయ ఉంది, లయ ఉంది కనుక ఎల్విన్ ఉన్నాడు.

మోతపక్షం: ఇక్కడ నేను తగ్గుతాను. ఎల్విన్ లేని ‘ఆస్క్ ది ఏజెస్’ను ఊహించుకోలేను. ‘లిటిల్ రాక్’లో ఆయన కొట్టే దెబ్బలు ఎవరికీ లెక్క అందనివి, అయినా మనిషి నడుస్తున్నట్టే ఉంటాయి. కానీ ఆయన వెళ్ళిపోవడాన్ని మోత మీద తీర్పుగా చదవకండి. కోల్ట్రేన్ ‘అసెన్షన్’లో పదకొండుమంది ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు డ్రమ్స్ దగ్గరున్నది ఆయనే. ఆయన వాయింపే సగం మోత. మూడు కాలాలను ఒకదాని మీద ఒకటి పరిచి, ఏది అసలుదో చెప్పకుండా వదిలేస్తాడు. మీరు లయ అంటున్నది ఆయన చేతిలో ఒక గీత కాదు, ఒక అల.

పాటపక్షం: అలకైనా ఒడ్డు కావాలిగా.

మోతపక్షం: కావాలని ఎవరన్నారు? మన పెళ్ళిళ్ళలో మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగుతుంది. సన్నాయి ఏ రాగంలో ఉందో, డోలు ఏ తాళంలో ఉందో ఆ నిమిషంలో ఎవరూ అడగరు. అందరూ ఒక్కపెట్టున వాయిస్తారు. అంతకు గంట ముందు వాయించిన కీర్తన ఎవరికీ గుర్తుండదు, గట్టిమేళం మాత్రం ఒళ్ళు జలదరించేలా గుర్తుంటుంది. మనకు మోత కొత్తేమీ కాదక్కా. అది సంగీతం కాదని మనకు ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే అక్కడ ఏదో జరుగుతోందని మనకు తెలుసు. షరాక్ గిటార్ అరిచినప్పుడు కూడా ఏదో జరుగుతోంది. అది పాట వల్ల జరగడం లేదు.

పాటపక్షం: మంచి ఉదాహరణే తెచ్చావు, కానీ అది నీకే ఎదురుతిరుగుతుంది. గట్టిమేళానికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? పొద్దుటినుంచీ సన్నాయి రాగాలు పలుకుతూ ఉంది గనక. ముహూర్తం దాటగానే మళ్ళీ రాగంలోకే వస్తుంది గనక. పొద్దుటినుంచి సాయంత్రందాకా గట్టిమేళమే మోగితే పెళ్ళికొడుకే లేచి వెళ్ళిపోతాడు. షరాక్‌కు ఈ సంగతి తెలుసు. భయాన్నీ అందాన్నీ ఒకే పాటలో కాపురం చేయించడం సాధ్యమేనని, దానికోసమే వెతుకుతున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఒక్కటే చాలనుకుంటే వెతకడం దేనికి?

మోతపక్షం: ఆ మాటనే నేనూ పట్టుకుంటాను. భయమూ అందమూ కలిసుండాలంటే ఆ కాపురంలో ఇద్దరికీ సమాన హక్కు ఉండాలి. 1969 నాటి ‘బ్లాక్ వుమన్’లో ఉంది. పియానో డేవ్ బరెల్‌ది, డ్రమ్స్ మిల్ఫర్డ్ గ్రేవ్స్‌వి. షరాక్ భార్య లిండా మాటలేమీ లేకుండా గొంతుతో మూలుగుతుంది, నవ్వుతుంది, కేకేస్తుంది, శోకాలు తీస్తుంది. ఏది నవ్వో ఏది ఏడుపో విడదీయలేం. అది వింటుంటే ఎవరింట్లోకో చెప్పకుండా తొంగిచూసినట్టు మనకే ఇబ్బందిగా ఉంటుంది. ‘ఆస్క్ ది ఏజెస్’లో ఆ ఇబ్బంది లేదు. లిండా గొంతు ఉండాల్సిన చోట శాండర్స్ శాక్సాఫోన్ ఉంది. కేకకు మర్యాద వచ్చింది. ఒక ఆడమనిషి అరిస్తే పిచ్చి అన్నారు, పేరున్న శాక్సాఫోనిస్ట్ అరిస్తే ఆధ్యాత్మికత అన్నారు. ఈ తేడా గురించి మీ పాటపక్షం ఎందుకు మాట్లాడదు?

పాటపక్షం: ఈ దెబ్బ తగిలింది. లిండా షరాక్‌కు దక్కాల్సిన చోటు దక్కలేదు. ఆమె పేరు లేకుండా ఫ్రీ జాజ్ చరిత్ర రాసినవాళ్ళ చెవులను నేను సమర్థించను. అయినా ‘బ్లాక్ వుమన్’ను నీ పక్షానికి పూర్తిగా రాసివ్వను. అందులో ‘బియలేరో’ ఉంది, ఫ్రాన్సులోని ఓవెర్న్ కొండల్లో పశువుల కాపరులు పాడుకునే పాట. ‘బ్లైండ్ విల్లీ’ ఉంది, పాత సువార్త గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ తలపుతో షరాక్ ఒంటరిగా గిటార్ మీద వాయించింది. నువ్వు గుండెలదిరేదని చెబుతున్న రికార్డులోనే ఆయన కొండపాటనూ చర్చిపాటనూ వెతుక్కున్నాడు. 1991లో పాట దగ్గరకు తిరిగొచ్చాడని అనడం తప్పు. ఆయన అక్కణ్ణుంచి ఎప్పుడూ పోలేదు. పదమూడు పద్నాలుగేళ్ళప్పుడే వీధి మూలల్లో నిలబడి బృందంగా పాడే డూవాప్ పాటలతో మొదలైన మనిషి ఆయన.

మోతపక్షం: పాటతో మొదలైనవాడే. కానీ ఎక్కడికి పోదామనుకున్నాడు? కోల్ట్రేన్‌ను విని టెనర్ శాక్సాఫోన్ వాయిద్దామనుకున్నాడు. ఉబ్బసం అడ్డొచ్చింది. అందుకని ఇరవయ్యేళ్ళకు గిటార్ పట్టాడు. అదీ ఇష్టపడి కాదు, గతిలేక. తాను గిటారిస్టును కాననీ, పనికిరాని వాద్యం చేతికొచ్చిన శాక్సాఫోనిస్ట్‌ననీ చెప్పుకునేవాడు. ఆయన శైలి అంతా ఈ ఒక్క కొరత నుంచి పుట్టింది. ఊపిరితో ఊదే వాద్యంలో స్వరాన్ని సాగదీయొచ్చు, చీల్చొచ్చు, మధ్యలో గరగరలాడించొచ్చు. గిటార్ తీగ మీటగానే శబ్దం చచ్చిపోవడం మొదలవుతుంది. దాన్ని బతికించడానికి ఆయన తీగలన్నిటినీ కలిపి ఆపకుండా రుద్దేశాడు. లోహపు స్లైడ్‌ను మెట్లు అయిపోయే చోటు దాటించి, స్వరమంటూ లేని చోటికి జరిపాడు. యాంప్లిఫయర్‌ను పగిలేదాకా పెంచాడు. అంటే మోత ఆయనకు అలంకారం కాదక్కా, ఊపిరి. ఉబ్బసం ఉన్నవాడు ఊపిరిని ఇంకోచోట కొనుక్కున్నాడు. పాట ఎవరైనా కడతారు. ఈ ఊపిరి ఆయన ఒక్కడిదే.

పాటపక్షం: ఎంత బాగా చెప్పావు! నువ్వు గెలిచావని ఒప్పుకుందును గానీ, కరెంటు తీగవాద్యం విషయంలో నాకు ఇంకొక మనిషి అడ్డొస్తున్నాడు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్. ఆయనదీ ఇదే చిక్కు. మాండలిన్‌లో స్వరం మీటగానే పోతుంది, గమకం నిలవదు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, అయిదోది చేర్చాడు, కరెంటు పెట్టాడు. ఇంత చేసి ఎక్కడికి పోయాడు? గాత్రం దగ్గరకు పోయాడు. కొరతను దాటడానికి వాద్యాన్ని మార్చినవాడు పాటనే ఎంచుకున్నాడు. వీళ్ళిద్దరి మధ్య దూరం కూడా నువ్వనుకునేంత లేదు. శ్రీనివాస్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’లో వాయించిన జాన్ మెక్లాఫ్లిన్ గిటారూ, పేరు వేయకుండా షరాక్ గిటారూ మైల్స్ డేవిస్ ‘జాక్ జాన్సన్’ రికార్డులో ఉన్నాయి.

మోతపక్షం: శ్రీనివాస్‌కు చేరాల్సిన చోటు ముందే ఉంది. వందల ఏళ్ళుగా కట్టిన ఇల్లు అది, తలుపు మాత్రమే తెరుచుకోవాలి. షరాక్‌కు ఆ ఇల్లు ఎక్కడుంది? జాజ్ గిటార్ అంటే అప్పటికి మెత్తగా, గుండ్రంగా, పక్కవాడి మాటకు అడ్డురాకుండా వాయించేది. ఆ ఇంట్లో ఆయనకు చోటు లేదు. ‘లిటిల్ రాక్’ అనే పేరు చూడండి. శాండర్స్ పుట్టిన ఊరు అది. 1957లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు సెంట్రల్ హైస్కూల్లో అడుగుపెట్టడానికి సైన్యం కాపలా కాయవలసి వచ్చిన ఊరు కూడా. ఆ పేరు పెట్టుకున్న సంగీతం ముద్దుగా, వరసగా ఉండాలని కోరే హక్కు వినేవాడికి ఎవరిచ్చారు? శ్రావ్యత కావాలని అడగడంలోనే ఒక దబాయింపు ఉంది. నీ కోపమైనా నా చెవికి ఇంపుగా ఉంటేనే వింటానన్నట్టు.

పాటపక్షం: వినేవాడు దబాయించి అడిగితే నీ మాట నిజం. కానీ ఇక్కడ ఇచ్చింది వాయించేవాడు. ‘మెనీ మాన్షన్స్’ అన్న పేరు బైబిల్లో యోహాను సువార్త నుంచి వచ్చింది, తండ్రి ఇంట్లో చాలా నివాసాలున్నాయన్న మాట. చర్చిలో పాడుకున్న పాట నల్లజాతివాళ్ళకు యజమాని ఇచ్చిన మిఠాయి కాదు, వాళ్ళు కట్టుకున్న ఇల్లు. వాళ్ళకు ఇల్లు లేదని నువ్వన్నావు చూడు, అదొక్కటీ నేను ఒప్పుకోను. కోపానికి మోతే అసలు భాష, పాట మాత్రం రాజీ అనేవాళ్ళు ఎక్కువగా వాయించేవాళ్ళు కారు, గదిలో కూర్చుని రికార్డులు పోగేసేవాళ్ళు. నన్ను కూడా కలుపుకునే అంటున్నానులే.

మోతపక్షం: ఆ మాట నాకూ తగిలింది. సరే, రాజీ అనను. కానీ నిర్మాత బిల్ లాస్వెల్ పాత్రను మాత్రం వదలను. షరాక్ కొన్నేళ్ళు సంగీతం దాదాపు వదిలేసి, కార్లు నడుపుకుని, మానసిక వైకల్యం ఉన్న పిల్లల దగ్గర పనిచేసుకుని బతికాడు. ఆయన్ను మళ్ళీ బయటికి తెచ్చింది లాస్వెలే, ఆ రుణం ఒప్పుకుంటాను. 1986లో మొదలైన ‘లాస్ట్ ఎగ్జిట్’లో పీటర్ బ్రోట్స్‌మన్, రొనాల్డ్ షానన్ జాక్సన్, లాస్వెల్, షరాక్ వేదిక ఎక్కేవాళ్ళు, ముందేమీ అనుకోకుండా గోడలు కూల్చేవాళ్ళు. అదే లాస్వెల్ అయిదేళ్ళకు షరాక్‌ను గొప్ప ధ్వనిలో, ఒకే మనిషి గిటార్‌ను రెండు మూడు పొరలుగా పరిచి, ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ అనే మహాగోపురంలో కూర్చోబెట్టాడు. పొరలు పరిచిన సంగీతంలో ఆ క్షణపు తెగింపు ఎక్కడుంటుంది? తనతో తానే సంభాషించేవాణ్ణి ఎదుటివాడు ఎలా ఆశ్చర్యపరుస్తాడు?

పాటపక్షం: నాక్కూడా ఆ చివరి ట్రాకు కొంచెం బరువే. ఎప్పుడో ఒకసారి వింటాను. కానీ ‘లాస్ట్ ఎగ్జిట్’ రికార్డు నువ్వు చివరిసారి మొత్తం ఎప్పుడు విన్నావో నిజం చెప్పు.

మోతపక్షం: దొరికిపోయాను. అయినా తరచుగా వినేదే గొప్పదని ఎక్కడుంది? కొన్నింటిని జీవితంలో రెండుసార్లు వింటే చాలు, ఆ రెండుసార్లతో మిగతా వినికిడి మారిపోతుంది. పాట లేకపోతే జనం వినరనే మీ నమ్మకం కూడా చరిత్రలో నిలబడదు. 1969లో హెర్బీ మాన్ ‘మెంఫిస్ అండర్‌గ్రౌండ్’ ఎంత అమ్ముడుపోయిందో తెలుసుగా. వేణువూ, కాలు కదిపించే సోల్ లయా. మధ్యలో, ఏ హెచ్చరికా లేకుండా, షరాక్ గిటార్ రంపంలా తెగ్గోస్తుంది. జనం కొన్నారు. 1994లో కార్టూన్ నెట్‌వర్క్‌లో ‘స్పేస్ ఘోస్ట్ కోస్ట్ టు కోస్ట్’ మొదలైనప్పుడు దానికి షరాక్ సంగీతమే పెట్టారు. గిటారూ డ్రమ్సూ ఉరుకూ, అంతే. అది విన్నవాళ్ళలో ఎవరూ పాటేదని అడగలేదు. ఆ ఏడాది మే నెలలో 53 ఏళ్ళకే షరాక్ గుండెపోటుతో పోయాడు. ఇంకో పదేళ్ళుంటే ఏ వైపు నడిచేవాడో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

పాటపక్షం: హెర్బీ మాన్ రికార్డులో ఆ రంపాన్ని మోసింది కాలు కదిపించే లయే అని నువ్వే అన్నావు. ఏదో ఒకటి మోయాలి తమ్ముడూ, నేననేది అంతే. పాట కావచ్చు, లయ కావచ్చు, ఒక కార్టూన్ బొమ్మ కావచ్చు. డెరెక్ బెయిలీని చూడు. ఏ సంప్రదాయపు పలుకుబడీ అంటని గిటార్ వాయించాలని జీవితమంతా పంతం పట్టిన ఆయన డెబ్బై దాటాక ‘బ్యాలడ్స్’ అని పాత ప్రేమపాటల రికార్డు ఒకటి చేశాడు.

మోతపక్షం: చేశాడు. ఆ పాటల్లోకి దిగుతాడు, బయటికొస్తాడు, మళ్ళీ దిగుతాడు. నాకు వినిపించేది బయటికొచ్చే దారే.

పాటపక్షం: నాకు దిగే మెట్లు వినిపిస్తాయి. పోనీ, వాదం మానేసి పని చూద్దాం. ఈ సంగీతం ఎన్నడూ వినని మనిషి ఒకరు ‘ఆస్క్ ది ఏజెస్’ అడిగారనుకో. ముందు ఏది వినిపిస్తావు? నేనయితే రెండోది పెడతాను, ‘హూ డజ్ షీ హోప్ టు బీ?’ అయిదు నిమిషాలైనా పట్టదు. గిటార్ అరవదు, అడుగుతుంది. నలుగురిలో ముగ్గురు ఇంకోటి పెట్టమంటారు.

మోతపక్షం: నేను మొదటిదే పెడతాను, ‘ప్రామిసెస్ కెప్ట్’. దాదాపు పది నిమిషాలు. గిటారూ శాక్సాఫోనూ కలిసి ఆ వరసను ఎత్తుకుని, తర్వాత శాండర్స్ దాన్ని ముక్కలు చేసేదాకా ఉండనిస్తాను. లేచిపోయేవాళ్ళు లేచిపోతారు.

పాటపక్షం: లేచిపోయినవాడికి రెండోది వినే అవకాశమే ఉండదుగా. దాని వెంటనే అంత మెత్తని పాట పెట్టింది షరాకే. ఆయనకు మనుషులు తెలుసు.

మోతపక్షం: తెలుసు. అందుకే ముందు పెట్టలేదు, వెనక పెట్టాడు.